నీళ్ళ అడుగున కూర్చున్న మనిషి

"నీళ్ళ అడుగున నిమ్మళంగా కూర్చున్నాడు. ధ్యానంలో ఉన్నట్టున్నాడు."

ఒక ఆదివారం పొద్దున గోదావరిలో, దోనె మీద కూర్చుని, నోటుపుస్తకంలో పెన్సిలుతో నేను రాసుకున్న వాక్యాలివి. అవి రాస్తున్నప్పుడు ఆ మనిషికి ఊపిరి అందడం లేదు. చూడక రాశానా అంటే కాదు, చూస్తూనే రాశాను. మా ఇద్దరి మధ్య ఉన్నది రెండున్నర అడుగుల తేటనీరు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట తలచుకుంటే నా వేళ్ళ చివర్లు చల్లబడతాయి.

అవి డెబ్బైల మధ్యకాలపు రోజులు. గోదావరిఖనిలో నేనొక దినపత్రికకు విలేకరిని. సమ్మెలు, గని ప్రమాదాలు, నీళ్ళ కొళాయిల గొడవలు, అధికారుల రాకపోకలు రాసి, కవరులో పెట్టి, సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. ఆదివారం గనులకు సెలవు, వార్తలకు కూడా దాదాపు సెలవే. అందుకని ఆ రోజు సైకిలు తీసుకుని నదికి పోయేవాణ్ణి.

దీపావళి దాటాక గోదావరి ఒడ్డు వదిలి నడిమికి జరుగుతుంది. మాఘం నాటికి పాయ సన్నబడుతుంది. కానీ ఊరికి ఎగువన రాతినేల నదిలోకి పొడుచుకువచ్చిన చోట, బండల మధ్య ఒడ్డులోకి చొరబడిన నీళ్ళు అక్కడే నిలిచిపోతాయి. బయటినుంచి చూస్తే బండలే కనిపిస్తాయి. రెండు బండల సందున దోనెను పక్కకు తిప్పి, తల వంచుకుని లోపలికి జారితే, అవతల ఇంటి ముంగిలంత జాగా ఉంటుంది. గాలి తగలదు, ఉరవడి ఉండదు. నీళ్ళు అద్దంలా ఉంటాయి. మమ్మల్ని తిప్పే బెస్త కాక వాటిని 'అరలు' అనేవాడు. కొంగలు వాలేది కొంగల అర, తాబేళ్ళు తేలేది తాబేటి అర. ఆ బండల వరసలో అలాంటివి ఏడో ఎనిమిదో ఉండేవి. ఒక్కో ఆదివారం ఒక్కోటి చూసేవాళ్ళం.

కాకకు అరవై దాటాయి. ఆయన దోనె ఒకే మానును తొలిచి చేసింది. ముగ్గురం ఎక్కితే అంచుకూ నీటికీ మధ్య బెత్తెడే మిగిలేది. మూడో మనిషి, ఈ కథ ఎవరిదో ఆయన, నేను 'అన్న' అని పిలిచే గని కార్మికుడు. భూగర్భంలో పైకప్పుకు దుంగలు ఆనించే పని ఆయనది. దానికి మించి ఆయన రెస్క్యూ జట్టు మనిషి. గనిలో నిప్పంటుకున్నా, విషవాయువు కమ్మినా, అందరూ బయటికి పరుగెత్తుతుంటే లోపలికి పోయే అయిదుగురిలో ఒకడు. పద్నాలుగేళ్ళ నుంచి ఆ జట్టులో ఉన్నాడు. సొంత బావను ఆ జట్టే గనిలోంచి మోసుకొచ్చింది, ప్రాణం లేకుండా. ఆ మరుసటి నెలే తాను చేరాడు. ఆయన హోటల్లోకి వస్తే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు జరిగి చోటిచ్చేవారు. ఎవరూ ఎందుకని చెప్పుకునేవారు కాదు.

నీళ్ళలోకి చూసే అద్దం మాకు వర్క్‌షాపు వెల్డరు వల్ల వచ్చింది. ఆయనది విశాఖపట్నం వైపు. అక్కడ ఓడలు బాగుచేసేచోట కొంతకాలం పనిచేశాడు. ముక్కునూ కళ్ళనూ కలిపి మూసే రబ్బరు అద్దం ఒకటి, పళ్ళతో పట్టుకుని ఊపిరి పీల్చే వంకర గొట్టం ఒకటి అక్కడినుంచి తెచ్చుకున్నాడు. ఇక్కడ సముద్రం లేదు కనుక గోడకు వేలాడదీశాడు. నేను అడిగితే ఇచ్చాడు. నీళ్ళ మీద బోర్లా తేలుతూ, మొహం నీళ్ళలో పెట్టి, గొట్టం కొస తల వెనక పైకి ఉంచుకోవాలని నేర్పించాడు.

మొదటిసారి ఆ అద్దంలోంచి చూసింది అన్న. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక దోనె అంచు పట్టుకుని, "తమ్మీ, అడుగున బండల నడుమ నల్లగీత ఉన్నది, చూసినవా?" అన్నాడు.

"ఏం గీత?"

"బొగ్గు. పొర పొరనే ఉన్నది. దాని మీద ఎండ పడుతున్నది. చిన్న చిన్న చేపలు దాన్ని నాకుతున్నయి. ఇరవై ఏండ్ల సంది బొగ్గుల పని చేస్తున్న. పుట్టిన కాడ ఉన్న బొగ్గు మీద ఎండ పడంగ ఇదే చూసుడు."

"తవ్వుకపోకుండ్రి," అన్నాడు కాక. "మా చేపలన్న బతకనీయండ్రి."

అలా మూడు నాలుగు వారాలు గడిచాయి. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చిన అన్న దోనెలో మాట్లాడకుండా కూర్చున్నాడు. తెడ్డు వేస్తున్న కాకే అడిగాడు, "ఏందిరా కొడుకా, పాస్టరు తిట్టిండా?"

అప్పుడు చెప్పాడు. రెస్క్యూ స్టేషనులో పొగ నింపిన గదిలో సాధన చేయిస్తారు. కిందటి నెల అందులో దుంగ మోస్తుండగా ఆయనకు ఊపిరి చాలలేదు. ఒకసారి కూర్చోవలసి వచ్చింది. శిక్షణ ఇచ్చే సారు ఏమీ అనలేదు. కానీ నెలలోపే డాక్టరు పరీక్ష ఉంది. ఛాతీ బాగాలేదంటే జట్టులోంచి తీసేస్తారు.

"తీసేస్తే ఏమైతది? ఉద్యోగమైతె ఉంటది గద," అన్నాను.

ఆయన నావైపు చూసిన చూపు నాకు గుర్తుంది. కోపం కాదు. పరాయివాణ్ణి చూసినట్టు చూశాడు. "సైరన్ మోగినప్పుడు ఇంట్ల కూసోవాలె తమ్మీ," అన్నాడు. "నేను కూసోలేను."

ఆయనకు కావలసింది ఒకటే. పరీక్షకు పోయేముందు తన ఛాతీ సంగతి తనకే తెలియాలి. బాగుంటే ధైర్యంగా పోతాడు. బాగాలేకపోతే వాళ్ళు తీసేసేదాకా ఆగడు, తానే తప్పుకుంటాడు. ఊపిరి చాలనివాడు లోపల పడిపోతే మిగతా నలుగురూ అతన్ని మోయాలి, ఎవరికోసం పోయారో వాళ్ళు అక్కడే ఉండిపోతారు. ఆ మాట ఆయన రెండుసార్లు అన్నాడు.

అందుకు ఒక ఉపాయం ఆలోచించాడు. కొంగల అరలో నీళ్ళు నిలువెత్తు లోతు. వెల్డరు గొట్టానికి పొడుగాటి రబ్బరు పైపు అతికించి, దాని కొస పైన ఉంచి, తాను అడుగున కూర్చుని పది నిమిషాలు దానిలోంచి ఊపిరి పీలుస్తాడు. పీల్చగలిగితే ఛాతీ బాగున్నట్టే.

వెల్డరును అడుగుదామంటే ఆయన నెల సెలవు మీద ఊరికి పోయాడు. అన్న పైపును గట్టిగా బిగించి, టేపు చుట్టి, సబ్బునీళ్ళు పూసి, ఎక్కడా గాలి పోవడం లేదని మూడుసార్లు చూశాడు. ప్రాణాలు పరికరాల మీద పెట్టి బతికిన మనిషి, అంత జాగ్రత్తగా చేశాడు.

నేను ఒక్కటే అడిగాను. "గంత పొడుగు పైపుల గాలొస్తదా అన్నా?"

"ఏం మాట్లాడుతవ్ తమ్మీ. బాయిల మైలు దూరం గాలి వస్తలేదా? గిది ఎంత?"

నేను తల ఊపాను. బాయి అంటే మా ఊళ్ళో గని. అందులోకి గాలి ఎలా పోతుందో నేనే ఒకసారి పత్రికలో రాశాను. ఆ గాలిని తోయడానికి ఇల్లంత ఫ్యాను రాత్రింబవళ్ళు తిరుగుతుందని కూడా రాశాను. ఇక్కడ ఫ్యాను ఏదని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. గనుల ఊళ్ళో పైపు ఉన్నచోట గాలి ఉంటుంది, అంతే. నమ్మకం అని కూడా అనలేను, అది మాకు కళ్ళెదుట ఉన్న సంగతి.

కాక మాత్రం గొణిగాడు. "చేపకు పైపు లేదు, కప్పకు పైపు లేదు. నీళ్ళల్ల ఊపిరి పట్టుడు, పైకొచ్చి ఇడుసుడు. గా రెండే ఎర్క నాకు."

"నీకు బాయి సంగతి తెల్వదు కాక," అన్నాడు అన్న నవ్వుతూ.

"నీకు నీళ్ళ సంగతి తెల్వదు," అన్నాడు కాక. ఆ మాట మీద ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

మరుసటి ఆదివారం కొంగల అరలోకి చేరేసరికి ఎండ బండల మీది నుంచి నీళ్ళలోకి దిగుతోంది. అడుగున ఇసుక, గులకరాళ్ళు, నత్తగుల్లలు లెక్కపెట్టగలిగినట్టు కనిపిస్తున్నాయి. అన్న చొక్కా తీసి మడతపెట్టాడు. అద్దం పెట్టుకున్నాడు. తేలిపోకుండా తువాలలో ఒక రాయి కట్టుకుని ఒళ్ళో పెట్టుకుంటానన్నాడు. పైపు కొసను ఒక వెదురు కర్రకు కట్టి నా చేతికిచ్చాడు.

"పైకే పట్టుకో. నీళ్ళు పోనియ్యకు. గడియారం చూడు. బాగ లేకపోతే చెయ్యి లేపుత."

"లేపకపోతే?"

"లేపకపోతే మంచిగున్నట్టు."

దిగాడు. రెండు చేతులతో రాయి పట్టుకుని మెల్లగా అడుగుకు చేరి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తల మీద రెండున్నర అడుగుల నీళ్ళు ఉన్నాయి. పైపు కొస దగ్గర చెవి పెడితే మొదట సన్నటి చప్పుడు వినిపించింది. పీల్చినప్పుడు ఒక ఈలలాంటిది, వదిలినప్పుడు ఒక నిట్టూర్పు. తర్వాత ఆ చప్పుళ్ళ మధ్య ఎడం పెరిగింది. ఊపిరి ఎంత నిమ్మళంగా పీలిస్తే అంత మంచిదని ఆయనే చెప్పి ఉన్నాడు. ఎంత నేర్పు అనుకున్నాను. ఆయన చేతులు ఒళ్ళో రాయి మీద ఉన్నాయి. ఒక చిన్న చేప మోచేతి దగ్గరికి వచ్చి ఆగింది. వీపు నిటారుగా ఉంది. అప్పుడే నేను నోటుపుస్తకం మోకాలి మీద పెట్టుకుని ఆ రెండు వాక్యాలూ రాశాను. ఆదివారం అనుబంధానికి మంచి వ్యాసం అవుతుందని కూడా అనుకున్నాను.

కాక దోనె రెండో కొసన అటు తిరిగి గాలం దారం చిక్కు తీస్తున్నాడు. తిరగకుండానే అడిగాడు, "ఏం జేస్తుండు?"

"కూసున్నడు కాక. నిమ్మళంగున్నడు."

"కదులుతలేడా?"

"లేదు. జర సుత కదుల్తలేడు."

కాక దారం వదిలేశాడు. ఇటు తిరిగి, నీళ్ళలోకి ఒక్కసారి చూశాడు. "నీళ్ళల్ల మనిషి నిమ్మళంగ కూసోడు బిడ్డా," అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ మాట పూర్తయ్యేలోపే దూకాడు.

దోనె ఒరిగి నేనూ నీళ్ళలో పడ్డాను. పడగానే నా కాళ్ళకు నేల తగిలింది. ఆ స్పర్శ ఇప్పటికీ నా అరికాళ్ళలో ఉంది. మునివేళ్ళ మీద లేచి తల వెనక్కి వంచితే నా ముక్కు బయటికి వచ్చింది. అన్న నాకంటే పొడుగు. రాయి వదిలేస్తే తేలేవాడు. నిలబడితే ముక్కు బయట ఉండేది. కనీసం పళ్ళు వదిలితే... ఆయన వీటిలో ఏదీ చేయలేదు. అలాగే కూర్చున్నాడు.

కాక ఆయన్ని చంకల కింద పట్టి ఎత్తాడు. ఇద్దరం కలిసి బండ మీదికి ఈడ్చాం. అద్దం లాగేశాం. పెదవులు నేరేడు పండ్ల రంగుకు తిరిగాయి. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, చూపు లేదు. ఇప్పుడు చుట్టూ గాలే. కానీ ఆయన పళ్ళు గొట్టాన్ని కొరికే ఉన్నాయి. అవతలి కొస నా చేతిలోంచి జారి నీళ్ళలో పడి ఉంది. ఛాతీ ఒకసారి ఎగిసింది, పైపులో నీళ్ళ గుడగుడ వినిపించింది. ఆయన ఆ నీళ్ళనే పీలుస్తున్నాడు.

"ఇడువు," అన్నాడు కాక. దవడ పట్టి గుంజాడు. చెంప మీద కొట్టాడు. "ఇడువురా కొడుకా, ఇడువు." దవడ రాయిలా ఉంది.

నాకు ఎందుకు తట్టిందో తెలియదు. ఏడాది కిందట పత్రిక కోసం రెస్క్యూ సాధన చూడటానికి వెళ్ళాను. అక్కడ వీపు మీది ప్రాణవాయువు సీసా నుంచి గొట్టంతోనే పీలుస్తారు. లోపల ఉన్నంతసేపూ ఆ నోటి గొట్టం తీయకూడదు, తీస్తే చావే. ఊపిరి చాలకపోతే ఆగు, కూర్చో, మెల్లగా పీల్చు. చేతిని నోటి దగ్గరికి పోనివ్వకు. బయటికి వచ్చాక కూడా, శిక్షకుడు వెనకనుంచి భుజం మీద రెండుసార్లు తట్టేదాకా ఎవరూ తీయరు. అయిదుగురు వరసగా నిలబడి తమ వంతు కోసం ఎదురుచూడటం నేను చూశాను.

వంగి ఆయన కుడి భుజం మీద రెండుసార్లు తట్టాను.

నోరు తెరుచుకుంది. గొట్టం బండ మీద పడింది.

నా తట్టు వల్లనా, దవడ పట్టు అప్పటికి తప్పిందా, నేను చెప్పలేను. విలేకరిగా చూసింది మాత్రమే రాయాలి కనుక చూసింది రాస్తున్నాను. కాక మాత్రం నా వైపు, నేనేదో చేయకూడనిది చేసినట్టు చూశాడు. తర్వాత ఆయన్ని బోర్లా తిప్పి వీపు నొక్కాడు. అన్న నీళ్ళు కక్కాడు. దగ్గాడు. మళ్ళీ కక్కాడు. పెదవుల రంగు మారడానికి చాలాసేపు పట్టింది.

ఆయన అన్న మొదటి మాట, "టైమెంతైంది?"

గడియారం చూశాను. ఆగిపోయి ఉంది, నీళ్ళు పోయాయి. అది ఆగిన సమయాన్నిబట్టి చెప్పాను. "నాలుగు నిమిషాలు సుత కాలె."

"పది కాలేదా?"

"కాలె అన్నా."

కళ్ళు మూసుకున్నాడు. "ఐపోయింది తమ్మీ, నా ఛాతీ ఐపోయింది," అన్నాడు. "ఎంత గుంజినా గాలి రాలె. రెండు మూడు గుక్కలు వచ్చింది. తర్వాత గోడను గుంజినట్టే ఉండె."

"మరి చెయ్యి లేపుతనంటివి?" అన్నాను. నా గొంతులో కోపం ఉంది. భయం అలా బయటపడింది.

"లేపుదామనుకున్న. నీళ్ళల్లనే ఉన్ననని ఎర్కనే నాకు. పైన నువ్వు కనవడుతున్నవు, రాసుకుంటున్నవు. కని చెయ్యి లేవలె." తన కుడిచేతిని వేరే ఎవరిదో అన్నట్టు తిప్పి చూసుకున్నాడు. "కూసో, మెల్లగ పీల్చు, మెల్లగ పీల్చు అని లోపట్నుంచి ఎవరో అంటున్నట్టే ఉండె. గట్లనే కూసున్న."

కాక తల మీది నీళ్ళు తుడుచుకుంటూ, "నీకు నేర్పినోడు గట్టిగ నేర్పిండు," అన్నాడు. అందులో వెటకారం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు అన్న మా ఇద్దరితో ఒట్టు వేయించుకున్నాడు. ఇంట్లో తెలియకూడదు, పత్రికలో రాకూడదు. నేను ఒప్పుకున్నాను. పదిరోజులపాటు కళ్ళు మూస్తే నిటారుగా ఉన్న ఆ వీపు కనిపించేది.

పదకొండోరోజు వెల్డరు సెలవు ముగించుకుని వచ్చి, అద్దం కోసం నా గదికి వచ్చాడు. మూలన చుట్టగా పడి ఉన్న పైపును చూశాడు. దాని కొసన తన గొట్టం ఉండటం చూసి మనిషి బిగుసుకుపోయాడు.

"ఇది ఎవులు కట్టేరండీ?"

చెప్పాను. అంతా చెప్పాను.

ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. "ఎవులికైనా రాదండి గాలి. వస్తాదుకైనా రాదు. మూరెడు దాటితే పేణం తీసేస్తాది. నీళ్ళు గుండె మీద కూకుంటాయి కదండీ, ఎత్తనివ్వవు. మా వైపు కిందకి దిగే వాళ్ళకి పైనుంచి పంపుతో కొట్టాలి గాలి. మనిషి గుంజుకుంటే వస్తాదా?"

నాకు నమ్మబుద్ధి కాలేదు. నమ్మితే ఆ తర్వాతి ఆలోచనను భరించాలి. ఆయన నన్ను వర్క్‌షాపు వెనక నీళ్ళతొట్టి దగ్గరికి తీసుకుపోయాడు. అదే పైపు నోట్లో పెట్టుకుని మెట్టు పట్టుకుని అడుగున కూర్చున్నాను. పీల్చాను. ఏమీ రాలేదు. ఎవరో పెద్ద మనిషి నా ఛాతీ మీద మోకాలు పెట్టినట్టుంది. రెండోసారి పీల్చాను, ఒక గుక్క వచ్చింది. అది అంతకుముందు నేను వదిలిన వేడి ఊపిరే. మూడోసారి ప్రయత్నించలేదు. గొట్టం ఉమ్మేసి లేచి నిలబడ్డాను.

నేను లేచి నిలబడ్డాను. ఆయన నాలుగు నిమిషాలు కూర్చున్నాడు.

తడిబట్టలతోనే సైకిలెక్కి అన్న క్వార్టరుకు పోయాను. వదిన బియ్యం ఏరుతోంది. ఆమె మిషన్ బడిలో టీచరు. మొదటి షిఫ్టు నుంచి అన్న అప్పుడే వచ్చి, స్నానం చేసి, గడపలో కూర్చుని తల తుడుచుకుంటున్నాడు.

"ఏంది తమ్మీ, వాన పడ్డదా?" అన్నాడు.

"అన్నా, డాక్టరు కాడికి ఎప్పుడు పోతవ్?"

జవాబు వదిన ఇచ్చింది. "పోడు. నిన్ననే కాగితం ఇచ్చొచ్చిండు. ఛాతీ కమ్జోరైంది, రెస్క్యూలకెల్లి తియ్యుండ్రి అని. నేనేమంటలేను. పద్నాలుగేండ్లు సైరన్ మోగినప్పుడల్ల మోకాళ్ళ మీద కూసున్న. ఇగ చాలు."

నేను ఆగలేకపోయాను. ఒట్టు మరిచిపోయాను. పైపు సంగతి, తొట్టి సంగతి, ఎంతటివాడికీ గాలి రాదన్న సంగతి, ఒకదాని మీద ఒకటి చెప్పేశాను. "నీ ఛాతీకి ఏం కాలె అన్నా. తప్పు పైపుది," అన్నాను.

ఆయన తువాల తల మీదే ఉండిపోయింది. వదిన చేట కింద పెట్టింది.

"ఏ పైపు?" అంది. "ఏ నీళ్ళు?"

ఆమె ఒక్కొక్క ప్రశ్నే అడిగి అంతా రాబట్టింది. బడిపిల్లల్ని అడిగినట్టు అడిగింది. చివరకు నా వైపు తిరిగి, "ఆయన అడుగున గట్ల ఉంటే మీరు పైన కూసోని ఏం చేస్తుండ్రి?" అంది.

"రాసుకుంటున్న వదినా."

ఆమె ఇంకేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

అన్న లేచి చొక్కా వేసుకున్నాడు. గడప దగ్గర ఆగి, "ఏమంటవ్?" అని ఆమెనడిగాడు.

"నన్నడగకు," అంది. చేట మళ్ళీ అందుకుంది. బియ్యంలో వేళ్ళు కదులుతున్నాయి కానీ రాళ్ళు ఏరడం లేదు.

రెస్క్యూ స్టేషనులో శిక్షణ ఇచ్చే సారు ఒక్కరే ఉన్నారు. జుట్టు నెరిసిన మనిషి, తక్కువ మాట్లాడతారు. అన్న ఆయన బల్ల ముందు నిలబడి ఏదీ దాచకుండా చెప్పాడు. కొంగల అర, రాయి, నాలుగు నిమిషాలు, కాక ఎత్తడం, నేను భుజం తట్టడం. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. సారు మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక ఒకే ఒక్కటి అడిగారు.

"గాలి వస్తలేదని తెలిసింది గద. నోట్లకెల్లి ఎందుకు తియ్యలే?"

"తియ్యమని ఎవరు చెప్పలె సార్."

"గట్లనే ఉండాలె," అన్నారు సారు. ఎన్నో ఏళ్ళుగా ఎందరికో అన్న మాట, అలవాటుగా వచ్చేసింది. వచ్చాక ఆయనకే వినిపించినట్టుంది. నోరు కొంచెం తెరుచుకుని ఉండిపోయింది. అన్న మొహంలోకి చూశారు, నా వైపు చూశారు, గోడకు వరసగా వేలాడుతున్న నోటి గొట్టాల వైపు చూశారు. ఆయన చెంపల్లో రంగు దిగిపోవడం నేను స్పష్టంగా చూశాను. బయట ఎవరో బకెట్టు కింద పెట్టిన చప్పుడయితే ఉలిక్కిపడ్డారు.

సొరుగు లాగి ఒక కాగితం తీశారు. అన్న దస్తూరీ. ఇంకా పైకి పంపలేదు. దాన్ని మరోసారి చదివి, మడిచి, బల్ల మీదుగా జరిపారు.

"బుధవారం డాక్టరు కాడికి రా," అన్నారు. కళ్ళు మాత్రం గోడకున్న గొట్టాల మీదే ఉన్నాయి.

అన్న కాగితం జేబులో పెట్టుకుని సలాం చేశాడు. బయటికి వచ్చాక ఆయన మొహంలో పదేళ్ళు తగ్గాయి. "మంచిగనే అయింది గద తమ్మీ?" అన్నాడు.

నేను అవునన్నానో లేదో గుర్తు లేదు. ఆ స్టేషను నుంచి కాలనీకి పోయే దారి ఎత్తుగా ఉంటుంది. నేను సగంలోనే సైకిలు దిగి, తోసుకుంటూ, నీళ్ళ అడుగున చూసిన ఆ నిటారు వీపునే చూస్తూ నడిచాను. ఆయన దిగలేదు. ఆ ఎత్తంతా ఈల వేసుకుంటూ తొక్కుకుపోయాడు. ఎక్కడా ఈల ఆగలేదు.